గడపలు తీసేసిన ఇల్లు

బాగుచేసిన పాత ఇల్లు చూడ్డానికి రమ్మని ఎవరైనా పిలిస్తే నేను వెళ్ళకూడదు. నా నోరు నాకు తెలుసు. గోడ వంకరగా ఉంటే వంకరగా ఉందనేస్తాను, అన్నం పెట్టినవాళ్ళని కూడా చూడను. కానీ ఆ రోజు వెళ్ళక తప్పలేదు. ఆ ఇల్లు మా బావది. బావకి కళ్ళు లేవు. చూసి చెప్పడానికి ఒక మనిషి కావాలి.

బావ అంటున్నాను గాని మాకు చుట్టరికం ఏమీ లేదు. ఆయనది అరకు కొండల్లో ముఠాదారుల ఇల్లు. వెనకటి రోజుల్లో కొన్ని కొండ ఊళ్ళని కలిపి ముఠా అనేవారు. ఆ ఊళ్ళ శిస్తు వసూలు చేసి కింద మైదానానికి పంపించే పెద్ద ఇంటివాళ్ళు ముఠాదారులు. బావ ఎదిగొచ్చేసరికే ఆ పెత్తనం పేరుకి మిగిలింది, తరవాత పేరూ పోయింది, ఇల్లు మిగిలింది. నేను సాలూరు పక్క మైదానం ఊరివాణ్ణి. కొండల మీదుగా రైలు లైను వేసేటప్పుడు మట్టిపనికి ఎక్కాను, పని అయిపోయాక దిగలేదు. సంతల్లో ఉప్పు, మిరపకాయలు, కిరసనాయిలు, ఎండుచేపలు అమ్ముకున్నాను, తరవాత కింద రోడ్డు పక్క చిన్న కొట్టు పెట్టుకున్నాను. బడి మొహం ఎరగను. సరుకులు పొట్లాలు కట్టే పాత పేపర్ల మీదే అక్షరాలు కూడబలుక్కున్నాను. అందుకే నాకు చాలా సంగతుల మొదళ్ళు తెలుసు, చివర్లు తెలీవు. చివర్లు ఎవరి మిరపకాయలతోనో వెళ్ళిపోయేవి.

వానాకాలంలో నా ఉప్పు బస్తాలు తడవకుండా పెట్టుకోమని అరుగు ఇచ్చిన ఇల్లు అది. అప్పణ్ణించి ఆయన నాకు బావ, నేను ఆయనకి బావ.

ఇల్లు ఎలా ఉండేదో చెప్పకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. కొండ వాలులో రాళ్ళు పేర్చి మెట్టు చేసి, దాని మీద మట్టిగోడలు లేపారు. చెయ్యి చాపితే అవతలి వైపు అందనంత మందం గోడలు. పైన నాటు పెంకు. చూరు ఎంత కిందికి దిగి ఉండేదంటే లోపలికి వెళ్ళేవాడు దొరయినా కూలీ అయినా వంగాల్సిందే. కిటికీలు లేవు. ఉన్న ఒకటి రెండు కంతలు పొగ పోవడానికి. మధ్యాహ్నం పూట బయటనుంచి లోపలికి అడుగు పెడితే కళ్ళున్నవాడికీ ఏమీ కనబడేది కాదు. కొండ చలికీ ఈదురుగాలికీ అలా కట్టుకున్నారు.

ఒక్కో గుమ్మానికి ఒక్కో రకం గడప ఉండేది. వీధి గుమ్మానిది మద్ది చెక్క, తరతరాల కాళ్ళు పడి నడిమధ్యలో దొప్పలా అరిగిపోయింది. వంటింటిది రాయి, ఎండాకాలంలో కూడా చల్లగా తగిలేది. గాదె గదిది మోకాలెత్తు చెక్క, కోళ్ళూ పిల్లలూ ధాన్యంలోకి పోకుండా. పెరటి గుమ్మానిది ఉందా లేదా అన్నంత సన్నటిది. చావిడి మూల ఒక రాట ఉండేది. ఆ ఇంటి పెద్దలు చనిపోయాక అక్కడే ఉంటారని వాళ్ళ నమ్మకం. కొత్త చోళ్ళు, అంటే రాగులు, కొత్త సామలు వండితే మొదటి ముద్ద ఆ రాట దగ్గర పెట్టాకే మిగతావాళ్ళ నోట్లోకి వెళ్ళేది. ఇన్నేళ్ళలో నేను ఆ మూలకి కాలు పెట్టలేదు, నన్ను పెట్టమనీ ఎవరూ అనలేదు.

గోడల మాటకొస్తే, మా అక్క, అంటే బావ భార్య, ఏటా చైత్రంలో పండగ ముందు ఇల్లంతా అలికేది. అడుగున మోచేతి ఎత్తున గడ్డి కాల్చిన మసి కలిపిన నల్లమట్టి పట్టీ, పైన ఎర్రమట్టి. ఆవిడ అలికే తీరు వేరు. అరచెయ్యి ఒకే వైపు తిప్పేది, నెలవంకలు నెలవంకలుగా వేళ్ళ గాట్లు పడేవి. ఆ గాట్లన్నీ వీధి నుంచి పెరటి వైపుకే తిరిగి ఉండేవి. అందం కోసం అనుకున్నాను చాలాకాలం.

తొంభైల్లో బావ చూపు తగ్గడం మొదలైంది. మొదట పక్కనుంచి వచ్చే మనిషి కనబడలేదు. తరవాత గొట్టంలోంచి చూస్తున్నట్టుంది అన్నాడు. విశాఖపట్నం తీసుకెళ్తే నీటికాసులన్నారు, ఆలస్యం చేశారన్నారు. ఎవరు చేశారు ఆలస్యం? జబ్బు ఉందని చెప్పేవాడు కొండెక్కి రాడు, కొండ దిగి వెళ్ళినవాణ్ణి ముందెందుకు రాలేదని తిడతారు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. సరే, పోయింది చూపు.

పోయినా, ఆ ఇంట్లో ఆయన్ని చూసినవాడికి చూపు లేదని తెలిసేది కాదు. ఒకసారి ఓటర్ల పేర్లు రాసుకోడానికి ఒక మేష్టారు వచ్చాడు. బావ లోపలికి వెళ్ళి నులకమంచం తెచ్చి వేశాడు. వంటింట్లోకి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. గాదె గదిలోంచి అరటిపళ్ళు తెచ్చి పెట్టాడు. మేష్టారు పళ్ళు తిని, కబుర్లు చెప్పి, కాయితం ముందు పెట్టాడు.

"ఇక్కడ సంతకం పెట్టండి."

"ఎక్కడ బాబూ?"

"ఇదిగో, ఇక్కడే. కనబడ్డంలేదా?"

"నేదు బాబూ, రొండేళ్ళయింది."

మేష్టారు చేతిలో చెంబు వదిలేసినంత పని చేశాడు. బావ ఆ మాట చెప్పుకుని ఎన్ని సంతల పాటు నవ్వాడో. "కళ్ళున్నోడు నాకు కళ్ళున్నాయని రాసుకున్నాడు బావా," అనేవాడు.

ఆయన తిరగగలగడానికి కారణం ఆ ఇల్లే. అరికాలికి చెక్క తగిలితే వీధి గుమ్మం, రాయి తగిలితే వంటిల్లు. చెయ్యి గోడకి ఆనిస్తే మా అక్క వేళ్ళ గాట్లు ఎటు పోవాలో చెప్పేవి. గాట్లు నున్నగా జారితే పెరటి వైపు పోతున్నట్టు, వేలికి అడ్డం తగిలితే వీధి వైపు వస్తున్నట్టు. మసి జిడ్డు తగిలితే పొయ్యి దగ్గర. చోళ్ళ వాసన వస్తే గాదె. బావ కళ్ళు పోయాక కూడా మా అక్క అదే తీరున అలికింది. ఇంకా కొంచెం గట్టిగా వేళ్ళు నొక్కి అలికిందేమో కూడా. నేను అడగలేదు. ఆవిడ పోయింది.

ఆవిడ పోయిన తరవాతి వానలకి వెనక గోడ ఉబ్బి జారింది. బావ తమ్ముడి కొడుకు పట్నంలో చదువుకుని ఉద్యోగం చేసినవాడు. అప్పటికి అరకుకి రైళ్ళ నిండా టూరిస్టులు దిగుతున్నారు. వలిసె పూల చేలల్లోకి దిగి ఫొటోలు తీసుకుని, పంట తొక్కి పోతున్నారు. ఆ కుర్రవాడు ఉద్యోగం మానేసి వచ్చి, పెదనాన్నని అడిగాడు. ఇల్లు బాగుచేయిస్తాను, వచ్చేవాళ్ళకి గదులు అద్దెకిస్తాను, ఒక గది ఎప్పటికీ నీదే అన్నాడు. బావ ఒప్పుకున్నాడు. పని జరిగినన్నాళ్ళూ సాలూరులో కూతురి ఇంట్లో ఉన్నాడు.

కూతురు మంచిది, అల్లుడూ మంచివాడే. కాని సిమెంటు ఇల్లు, ఇరుకు సందు. కుర్చీలు పొద్దున ఒక చోట, సాయంత్రం ఒక చోట. పిల్లల సైకిలు ఎప్పుడు ఎక్కడుంటుందో దేవుడికే తెలీదు. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా బావ ప్లాస్టిక్కు కుర్చీలో ఒకే చోట కూర్చుని ఉండేవాడు. ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుంటే గాని లేచేవాడు కాదు. ఒక రోజు అన్నాడు:

"దొడ్లోకి ఎల్లాలన్నా ఒకల్ని పిలవాల బావా. మనవరాలు బడికి బేగి ఎల్లిపోవాలంటాది, నాను పిలుత్తాను, పాపం ఆగుతాది. ఇల్లు అయిపోతే నాను ఎల్లిపోతాను. నా ఇంట్లో నాను మడిసిని."

అదీ సంగతి. ఆ ఇంట్లో ఆయన ఒకరి చెయ్యి పట్టుకోకుండా తిరగగలడా లేదా అన్నదొక్కటే. మిగతావన్నీ నా కోపాలు.

వర్షాలు వెనకబట్టాక, కాఫీ పళ్ళు ఎర్రబడే రోజుల్లో ఇల్లు పూర్తయింది, సాలూరు నుంచి బావని తీసుకుని జీపు వచ్చింది. నేను ఘాటీ మలుపు దగ్గర ఎక్కాను. బావ ముందు సీట్లో ఉన్నాడు. ఒళ్ళో బట్టల మూట, పక్కన మందుల సంచీ, కాళ్ళ దగ్గర రగ్గు.

"ఏటి బావా, సంసారం మొత్తం కట్టీసినట్టున్నావు," అన్నాను.

"ఇంక కొండ దిగనని సెప్పీసినాను కూతురికి. ఏడిసింది. నువ్వు ఓ పని సెయ్యాల. గుమ్మం కాణ్ణించి అన్నీ సూసి, ఏటి మారిందో నాకు సెప్పీ. కాలు నేర్సుకుంటాది. కొత్తగా ఓ గోడొచ్చినా పర్లేదు, రొండు దినాల్లో నేర్సుకుంటాది. నా అరికాలు నాలిక లాంటిది, ఓ పాలి తాకితే మరిసిపోదు."

నవ్వుతున్నాడు. అంత నవ్వు ఆయన మొహం మీద చూసి చాలాకాలమైంది.

గేటు దగ్గర సిమెంటుతో చేసిన దున్నపోతు కొమ్ములు, వాటికి రంగు బల్బులు. తమ్ముడి కొడుకు ఎదురొచ్చి పెదనాన్న కాళ్ళకి దండం పెట్టి, నాకూ పెట్టాడు. మంచి కుర్రవాడు. ఎండకి నల్లబడిపోయాడు. చేతులకి సిమెంటు కాటు మచ్చలున్నాయి. కూలీలతో పాటు తనూ చేశాడని తరవాత తెలిసింది. ఆ మచ్చలు చూడకుండా ఉంటే నాకు ఆ రోజు తిట్టడం సులువయ్యేది.

గోడలకి ఇటుకరంగు పెయింటు వేశారు.

"ఎర్రమట్టి రంగు రావాలని మూడు డబ్బాలు కలిపించాం మావయ్యా," అన్నాడు.

"ఇంటి వెనక కొండంతా ఎర్రమట్టే కదరా," అన్నాను. బావ నా మోచెయ్యి నొక్కాడు.

వీధి గుమ్మం దగ్గరికి వచ్చాం. బావ నా చెయ్యి వదిలేశాడు. ఇక్కణ్ణించి తన రాజ్యం అన్నట్టు పైపంచె సర్దుకున్నాడు. చూరు కింద ఎలా వంగేవాడో అలా నడుము దాకా వంగాడు. పైన చూరు లేదు. దాన్ని కోసేసి పైకెత్తి, నిలువెత్తు తలుపు పెట్టారు. వంగినవాడు వంగే ఉండి, కుడికాలు ఎత్తి గడప మీద వెయ్యబోయాడు. గడప లేదు. లేనిదాన్ని దాటబోయి కాలు దబ్బున నున్నటి నేల మీద పడింది. తూలాడు. పట్టుకున్నాను.

"ఏదీ?" అన్నాడు బావ.

"ఏంటి పెదనాన్నా?"

"గడప."

అప్పుడు వాడి మొహం చూడాలి మీరు. ఎంత వెలిగిందో. "అన్నీ తీయించేశాను పెదనాన్నా! నీకోసమే. వీధి నుంచి పెరడు దాకా ఒక్కటీ లేదు, ఒకే మట్టం. నాయనమ్మ గాదె గడప తగిలే కదా పడి తుంటి విరగ్గొట్టుకుంది. నీ కాలికి ఇంక ఎక్కడా ఏమీ తగలదు."

నేను నోరు తెరిచాను. బావ చెయ్యి నా మణికట్టు మీద పడింది. పిడిలా బిగిసింది.

"మంచి పని సేసినావు నాయినా," అన్నాడు.

లోపలికి వెళ్ళాం. ఇక నేను చూసింది చూసినట్టు చెప్పాలి, అందుకే వచ్చాను. చావిడికీ వంటింటికీ మధ్య గోడ తీసేసి పెద్ద హాలు చేశారు. పైన కొన్ని పెంకులు తీసి అద్దం పెంకులు వేశారు, వెలుగు కళ్ళలోకి కొడుతోంది. కింద అద్దంలాంటి పలకలు. మట్టి ఇల్లు మాటని మింగేసేది, ఈ హాల్లో దగ్గితే నాలుగు మూలల నుంచీ దగ్గు తిరిగొస్తోంది. చేపలు పట్టే వెదురు బుట్టలు తలకిందులు చేసి బల్బులు వేలాడదీశారు. నాగలి కాడి కోసి బల్ల కాళ్ళు చేశారు. చేటలు మేకులతో గోడకి కొట్టారు. ధాన్యం చెరగాల్సిన చేట గోడ మీద ఏం చేస్తుంది? ఎవరి మొహం చెరుగుతుంది?

గోడ నిండా తెల్ల గీతల బొమ్మలు. త్రికోణాల్లాంటి ఒళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళు, చుట్టలా తిరిగే మనుషులు.

"ఇవి ఎవరివిరా?" అన్నాను.

"ట్రైబల్ ఆర్ట్ మావయ్యా. విశాఖపట్నం నుంచి ఆర్టిస్టు వచ్చి వేశాడు."

"ఎవరి ట్రైబల్? ఇవి ఎక్కడో పడమటి కొండలవాళ్ళ బొమ్మలు. నేను పేపర్లో చూశాను. మీ పెద్దమ్మ ఏనాడైనా గోడ మీద ఇలాంటివి గీసిందా?"

"టూరిస్టులకి ఇవి తెలుసు మావయ్యా. ఇవి లేకపోతే ట్రైబల్ లుక్ లేదంటారు."

"కొండవాళ్ళ ఇంట్లోనే కొండవాడి పోలిక లేదంటారా?"

బావ మధ్యలో దూరాడు. "ఏటి బొమ్మలు బావా? మంచిగున్నాయా?"

"నువ్వు చూడకపోవడమే మంచిది."

"ఆ ఒక్క సుకం ఉందిలే నాకు," అని నవ్వాడు. తమ్ముడి కొడుకూ నవ్వాడు. కాసేపు ముగ్గురం నవ్వాం. కాని నేను చూస్తూనే ఉన్నాను, బావ నవ్వుతూనే చెయ్యి చాపి గోడ వెతుకుతున్నాడు. చెయ్యి గోడకి తగిలింది. పైకీ కిందికీ రాశాడు. పుట్టీ పెట్టి రుద్దిన గోడ, గాజులా ఉంది. ఎటు రాసినా ఒకటే.

"ఇదేటి, గోడేనా?"

"గోడే."

"ఎటేపుది?"

చెప్పాను. తల ఊపాడు. మళ్ళీ రాశాడు.

స్నానాలగది దగ్గర నాకు నోరు ఆగలేదు. ఇంటి లోపల, గాదె ఉన్న చోట, నాలుగు మరుగుదొడ్లు వరసగా. ధాన్యం పోసుకున్న చోట ఇదేం పని అని అరిచాను. బావ నన్నే తిట్టాడు.

"ఊరుకో. శ్రావణంలో జల్లు పడతంటే సెంబట్టుకొని కొండెక్కేది నువ్వా? నాను! నీకు కింద కిరసనాయిలు కొట్టు ఎనకాల మరుగుండేది. ఇది మంచి పనే. ఇది ఎప్పుడో సెయ్యాల."

నిజమే. ఒప్పుకుంటాను. అన్నీ నాకు నచ్చకపోవడం వేరు, అన్నీ చెడ్డవవడం వేరు. పెరటి వైపు వాన కాలువ మీద పచ్చగడ్డి పరిచిన పని మాత్రం చెడ్డది. ఆ కాలువే కొండ మీంచి దిగే నీటిని ఇంటి చుట్టూ తిప్పి పంపేది. కప్పేశారు. ఆ వైపు గోడ మూడు వంతులు తడి ఊరి, కొత్త పెయింటు బొబ్బలెక్కి ఉంది. మట్టిగోడకి సిమెంటు పూస్తే తడి ఎటు పోతుంది? ఆ మాటే అన్నాను. "ఇంజనీరు గారు పరవాలేదన్నారు," అన్నాడు వాడు. ఇంజనీరుగారు వానల్లో ఇక్కడ పడుకోడు కదా.

రాట ఉన్న మూలకి బావ తనంతట తనే వెళ్ళాలనుకున్నాడు. ఆ మూల పొయ్యి వేడి ఒక చెంపకీ, చావిడి చల్లదనం ఇంకో చెంపకీ తగులుతూ ఉండేదట. ఇప్పుడు పొయ్యి లేదు. నేనే వెనకనుంచి "కాస్త ఎడమకి" అంటూ నడిపించాను. చెప్పులు విప్పి, రెండు చేతులూ ముందుకి చాపాడు. చేతులకి చల్లటి ఇనప కుళాయి తగిలింది. తిరిగింది. నీళ్ళు వేళ్ళ మీద పడ్డాయి. చేతులు కడుక్కునే బేసిను పెట్టారు అక్కడ.

బావ చేతులు వెనక్కి తీసుకోలేదు. నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

"చెద పట్టేసింది పెదనాన్నా, ముట్టుకుంటే పొడి రాలిపోయింది," అన్నాడు తమ్ముడి కొడుకు. ఈసారి వాడి గొంతు తగ్గింది. "పారెయ్యలేదు. మిగిలిన ముక్క పూజ చేయించి, పెరట్లో దిమ్మ కట్టి పెట్టాం. పైన రేకు కూడా వేశాం."

"మరేటి సేత్తావు, సెద పడితే," అన్నాడు బావ. కుళాయి కట్టడానికి తడిమాడు, ఎటు తిప్పాలో తెలీలేదు. నేను కట్టేశాను.

చివరికి ఆయన కోసం చేసిన గది. మంచం, పరుపు, గోడ పొడుగునా స్టీలు కడ్డీ, తలవైపు గంట బొత్తం, పక్కనే స్నానాలగది. కిటికీలోంచి లోయంతా కనబడుతుంది, కనబడేవాళ్ళకి. వాడు పెదనాన్న చెయ్యి పట్టుకుని ఒక్కొక్కటీ తాకించాడు. "ఇది గంట. ఇది నొక్కితే ఎవరో ఒకరు వస్తారు. ఇది కడ్డీ. ఇది పట్టుకుని లేవచ్చు." బావ అన్నీ తాకి, అన్నిటికీ బాగుందన్నాడు. పరుపు మీద కూర్చుని రెండుసార్లు ఊగాడు కూడా, చిన్నపిల్లవాడిలా.

తరవాత లేచి అన్నాడు: "ఓ పాలి నన్నొదిలీండి. నానొక్కణ్ణే పెరట్లోకి ఎల్లొత్తాను."

మేమిద్దరం హాల్లో గోడకి ఆనుకుని నిలబడ్డాం. బావ గది గుమ్మంలోంచి బయటికి వచ్చాడు. గుమ్మం దాటినట్టు ఆయనకి తెలియలేదు, ఇంకా గదిలోనే ఉన్నట్టు మంచం కోసం చెయ్యి చాపాడు. అరికాలు నేల మీద రాసుకుంటూ కదిలాడు. ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు. హాలంతా ఒకటే పెయింటు వాసన. చిటిక వేశాడు, చిటిక అన్ని వైపుల నుంచీ తిరిగి వచ్చింది. ఎడమకి తిరిగాడు, మళ్ళీ కుడికి. పాత ఇంట్లో అయితే ఈపాటికి పెరట్లో నిలబడి మమ్మల్ని తిడుతూ ఉండేవాడు. ఇప్పుడు హాలు మధ్యలో, బుట్ట బల్బు కింద, గోడ మీది పుల్లల మనుషుల ఎదట, రెండు చేతులూ గాల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

తమ్ముడి కొడుకు ముందుకి కదలబోయాడు. నేను ఆపాను.

వెలుగు వేడి మొహానికి తగిలినట్టుంది, అటు నడిచాడు. ధైర్యంగానే నడిచాడు, పెరడు దొరికిందనుకున్నాడు. అది లోయ వైపు పెట్టిన నిలువెత్తు అద్దం. నుదురు ఠప్పున తగిలింది. దెబ్బ పెద్దది కాదు. రెండు అరచేతులూ అద్దానికి ఆనించి అలాగే ఉండిపోయాడు.

పరిగెత్తి వెళ్ళాను.

"ఇదేటి బావా? గోడా, బయటా?"

"అద్దం. అవతల లోయ."

"నీకు అగుపడతందా?"

"ఆఁ."

"అయితే నీకు బయట. నాకు గోడ," అన్నాడు. కోపంగా అనలేదు. సంతలో ధర అడిగి తెలుసుకున్నట్టు అన్నాడు. "సెయ్యి ఇయ్యి."

ఇచ్చాను. తన ఇంట్లో, అన్నేళ్ళలో, ఆయన నన్ను చెయ్యి అడగడం అదే మొదలు.

తమ్ముడి కొడుక్కి అప్పటికి అర్థమైపోయింది. వాణ్ణి తిట్టడానికి జీపు ఎక్కిన దగ్గర్నుంచి మాటలు పోగేసుకుంటున్నాను నేను. తెలివితక్కువవాడైతే తిట్టచ్చు, డబ్బు కక్కుర్తి వాడైతే తిట్టచ్చు. ప్రేమతో గడపలు పీకినవాణ్ణి ఏమని తిట్టను?

"మళ్ళీ పెట్టిస్తాను పెదనాన్నా," అన్నాడు. "అన్ని గడపలూ పెట్టిస్తాను. రేపే వడ్రంగిని పిలుస్తాను."

"గడపలు పెడతావు. నేల? గోడ? మీ పెద్దమ్మ సెయ్యి ఎక్కణ్ణించి తెత్తావు?" అని, వాడి భుజం కోసం తడిమాడు. వాడు దగ్గరికి జరిగి భుజం అందించాడు. "వొద్దులే. వచ్చినోలు తట్టుకొని పడతారు. నువ్వు సెడగొట్టనేదు. ఇల్లు పడిపోకండా నిలబెట్టినావు. అది సాలు. నాను మళ్ళీ సాలూరు ఎల్లిపోతాను."

"గది ఉంది కదా. గంట ఉంది. నేనే దగ్గరుండి చూసుకుంటాను."

"నాకు తెలుసు, సూత్తావు."

"మరి ఎందుకు?"

బావ అరుగు మీదికి తీసుకెళ్ళమన్నాడు నన్ను. అరుగు ఒక్కటే పాతది మిగిలింది, దాని మీద కూడా పలకలు పరిచారనుకోండి. కూర్చున్నాడు.

"సాలూరులో నా సెయ్యి పట్టుకొని నడిపిత్తే సిగ్గు నేదు నాకు. అది అల్లుడి ఇల్లు, కొత్త సోటు. ఇక్కడ నడిపించుకుంటే మా నాయిన సూత్తన్నట్టుంటాది. కొండంతా సూత్తన్నట్టుంటాది. నాను ఉండలేను నాయినా."

వాడు అరుగు కింద మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు. పెద్దవాడు, ముప్పై దాటినవాడు. పెదనాన్న వాడి తల మీద చెయ్యి వేసి, "టూరిస్టులొచ్చీ వేళయింది, మొకం కడుక్కో," అన్నాడు. "ఆ గది కూడా అద్దెకిచ్చీ. కాళీగా ఉంచితే బూజు పడతాది."

వాళ్ళు పెట్టిన భోజనం తిన్నాం. బాగుంది. బాగాలేదని చెప్పాలనిపించింది గాని బాగుంది. విప్పకుండానే బట్టల మూట, రగ్గు, మందుల సంచీ నేనే మళ్ళీ జీపు దగ్గరికి మోశాను. బావ నా భుజం పట్టుకుని దిగాడు. ఏటవాలుగా సిమెంటు బాట వేశారు, కాలు జారకుండా గీతలు కూడా గీశారు. అదీ ఆయన కోసమే.

జీపులో కూర్చున్నాక బావ అన్నాడు: "ఇక్కణ్ణించి ఇల్లు అగుపడతాదా?"

తలెత్తి చూశాను. కింద రోడ్డు మీంచి చూస్తే గోడలు కనబడవు, చెట్లు అడ్డం. కప్పు ఒక్కటే కనబడుతుంది. వెనక కొండ, దాని ముందు నాచు పట్టిన పాత పెంకుల వాలు. అద్దం పెంకులు అవతలి వైపు. నేను ఉప్పు బస్తా నెత్తిన పెట్టుకుని మొదటిసారి తలెత్తి చూసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"అగుపడుతోంది."

"ఎలగుంది?"

"ఎలా ఉండేదో అలాగే ఉంది బావా."

"నా కోసం సెప్పకు."

"లేదు. నిజంగానే."

"అయితే ఆడు బాగానే సేసినాడు," అన్నాడు. మూట ఒళ్ళోకి లాక్కున్నాడు. డ్రైవరు బండి స్టార్టు చేశాడు.

పైన, రెయిలింగు దగ్గర తమ్ముడి కొడుకు వచ్చి నిలబడ్డాడు. చెయ్యి ఊపుతున్నాడు.

"గుంటడు చెయ్యూపుతున్నాడు నీకు," అన్నాను.

బావ వెంటనే చెయ్యి బయటికి పెట్టి ఊపాడు. ఇల్లు ఈ పక్కనుంది, ఆయన చెయ్యి ఆ పక్క, లోయ వైపు ఊగుతోంది. పట్టుకుని తిప్పుదామని నా చెయ్యి సగం లేచింది. మళ్ళీ దించుకున్నాను. ఆ రోజుకి ఆయన్ని పట్టుకుని తిప్పింది చాలు. జీపు కదిలింది, మలుపు తిరిగేదాకా ఇద్దరూ అలాగే ఊపుతూ ఉన్నారు.